నాలుగు గంటల్లో సింగపూర్‌, నాలుగు గంటల్లో అరకు

విశాఖ విమానాశ్రయం నుంచి పారిస్‌కి తిన్నగా 7,860 కిలోమీటర్లు. అనంతగిరి కొండల్లో ఒక గూడెం నుంచి బండి వచ్చే రోడ్డుకి నాలుగైదు కిలోమీటర్లు. వీటిలో ఏ ప్రయాణం కష్టమో, ఏది ప్రాణం మీదికి తెస్తుందో కిలోమీటర్ల లెక్క చెప్పలేదు.

విశాఖపట్నంలో విమానం ఎక్కినవాళ్లు సింగపూర్‌లో దిగడానికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. దారి పొడవునా బంగాళాఖాతం, అండమాన్ సముద్రం, మలక్కా జలసంధి. దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. అదే విశాఖ స్టేషన్‌లో పొద్దున్నే కిరండూల్ పాసింజర్‌ ఎక్కి, తోసుకుని కిటికీ పక్క సీటు సంపాదించుకున్నవాళ్లు అరకులో దిగడానికీ ఇంచుమించు నాలుగు గంటలే పడుతుంది. దారిలో కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, బొర్రా గుహలు. రోడ్డు మీద లెక్కేస్తే 115 కిలోమీటర్లు.

పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే విశాఖ విమానాశ్రయానికీ అరకుకీ మధ్య 77 కిలోమీటర్లే. ఆకాశంలో వెళ్లే జెట్ విమానం తన మామూలు వేగంతో అయిదారు నిమిషాల్లో దాటేస్తుంది. ఆ అయిదారు నిమిషాలకీ ఈ నాలుగు గంటలకీ మధ్య ఉన్నవన్నీ తూర్పు కనుమలే. కొండ అడ్డొస్తే రోడ్డు చుట్టూ తిరగాలి, రైలు సొరంగంలో దూరాలి, మనిషైతే ఎక్కి దిగాలి. ఆ ఎక్కి దిగే మనిషి సంగతి మాట్లాడుకోవాలంటే ముందు విమానం లెక్క ఎలా వేస్తారో తెలియాలి. అక్కడ గంటల్ని ఎంత జాగ్రత్తగా కొలుస్తారో చూస్తే, ఇక్కడ కొండల్లో అసలు కొలవడమే లేదన్నది అప్పుడు అర్థమవుతుంది.

దారం ఒక దారి, విమానం ఒక దారి

అరకు కొండల్లో పండిన కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. మారే అనే పాత పేటలో, అద్దాల అరల్లో మన లోయ పేరు కనిపించింది. మరుసటి ఏడు, అంటే 2018లో, అదే పారిస్‌లో ప్రి ఎపిక్యూర్ పోటీలో ఈ కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. కాబట్టి లెక్కకు పారిస్‌నే తీసుకుందాం.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని విశాఖ దగ్గర ఒక కొస, పారిస్ దగ్గర ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. గుండ్రటి భూమి మీద రెండు ఊళ్ల మధ్య అన్నిటికన్నా దగ్గరి దారి అదే. గోడ మీది పటంలో అది వంకర గీతగా కనిపిస్తుంది. విమానాల వాళ్లు దూరం చెప్పేటప్పుడు చెప్పేది ఈ దారం పొడవునే. మన దారం విశాఖ దగ్గర వాయవ్యంగా బయల్దేరి, మధ్య భారతం, రాజస్థాన్ దాటి, పాకిస్తాన్‌లో బలూచిస్తాన్ మీదుగా, అఫ్గానిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దాటుతుంది. సరిగ్గా నడిమధ్యన కాస్పియన్ సముద్రం. అక్కణ్నుంచి కాకసస్ పర్వతాలకు ఉత్తరంగా, ఉక్రెయిన్ దక్షిణ కొస మీదుగా, మధ్య యూరప్ దాటి పారిస్. గంటకు 850 కిలోమీటర్ల వేగమైతే తొమ్మిది గంటల పావు.

ఈ దారంలో ఒక్క ముడైనా లేకుండా ఎగిరే విమానం మాత్రం ఏదీ లేదు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన రోజే ఉక్రెయిన్ ఆకాశం ప్రయాణికుల విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది, మనమూ వాళ్లకు మూసేశాం. మన విమానం పడమటికి వెళ్లాలంటే అరేబియా సముద్రం మీదుగా చుట్టుకుని పోవాల్సిందే. చుట్టు ఎంత పెరిగితే ఇంధనం అంత, గంటలు అంత. పైలట్ల డ్యూటీ గంటలు మించితే సిబ్బందిని మార్చాలి, ఒక్కోసారి మధ్యలో ఇంధనం కోసం దిగాలి. పటం మీద ఊళ్లు జరగలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది.

గాలి సంగతి ఇంకోటి. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది, ముఖ్యంగా చలికాలంలో. అందుకే ఢిల్లీ నుంచి పారిస్ వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు తొందరగా చేరతాం. అదే విమానం, అవే ఊళ్లు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. గోదారి మీద పడవ నడిపినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. టికెట్ మీది టైములు చూసి కంగారు పడేవాళ్లకి మాత్రం ఒక మాట: అవి ఏ ఊరి టైము ఆ ఊరిది. పారిస్ గడియారం చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఆ తేడా కలిపితేగానీ గాల్లో ఎంతసేపున్నామో తెలియదు.

తెలుగువాళ్లు ఈ దారం లెక్కను ఒకసారి కళ్లారా చూశారు. 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకి ఎయిరిండియా నేరుగా విమానం మొదలుపెట్టింది. దారం పొడవు దాదాపు 13,300 కిలోమీటర్లు. గ్లోబు మీద లాగి చూస్తే అది పడమటికి కాదు, ఇంచుమించు ఉత్తరానికి పోతుంది. ధ్రువం పక్కనుంచి ఎక్కి అమెరికాలోకి దిగుతుంది. పదహారు గంటలకు పైగా ఒకే సీటు. ఆ సర్వీసు కొంతకాలానికే ఆగిపోయింది గానీ, మధ్యలో గల్ఫ్‌లోనో యూరప్‌లోనో పడిగాపులు పడకుండా పిల్లల దగ్గరికి వెళ్లగలమన్న ఆశ ఎందరో అమ్మానాన్నలకు కలిగించింది. అక్కడ తగ్గింది దూరం కాదు, తెలియని ఊళ్లో బోర్డు చదువుకోలేక పడే బెంగ.

ఇప్పుడు అరకులో ఒకరు పారిస్ బయల్దేరారనుకోండి. ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరడానికి మూడున్నర, నాలుగు గంటలు. విమానాశ్రయంలో కనీసం రెండు గంటల ముందుండాలి. విశాఖ నుంచి హైదరాబాద్ 510 కిలోమీటర్లు, గంట పైన. అక్కడో, ఢిల్లీలోనో, గల్ఫ్‌లోనో మార్పు, నిరీక్షణ, మళ్లీ గంటల తరబడి విమానం. అన్నీ కలిస్తే ఒక పగలూ ఒక రాత్రీ. అందులో మొదటి 115 కిలోమీటర్లు దాదాపు ఆరో వంతు సమయం తినేస్తాయి.

రాయి ముందు వెళ్లింది

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని ఇప్పుడు మనం అద్దాల పెట్టెలో కూర్చుని లోయలు చూసే దారిగానే ఎరుగుదుం. ఆ అద్దాల పెట్టె 2017 ఏప్రిల్‌లో వచ్చింది. పట్టాలు వేసింది మాత్రం 1960ల్లో, మనుషుల కోసం కాదు. బస్తర్‌లో బైలదిల్లా కొండ నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దించి, జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి.

ఆ పని మామూలుది కాదు. సముద్ర మట్టానికి దగ్గరగా బయల్దేరిన బండి శిమిలిగుడ చేరేసరికి దాదాపు 997 మీటర్లు ఎక్కాలి. యాభై ఎనిమిది సొరంగాలు, ఎనభైకి పైగా వంతెనలు. దేశంలో అంతకన్నా ఎత్తున బ్రాడ్‌గేజ్ స్టేషన్ లేదని చాలా ఏళ్లు శిమిలిగుడ గురించే చెప్పుకున్నారు. పెద్ద ఖనిజం ఓడలు ఆగడానికి విశాఖలో 1976లో ఔటర్ హార్బర్ కూడా సిద్ధమైంది. ఎక్కడో కొండ కడుపులో ఉన్న రాయి సొరంగాలు దాటి, రేవు దాటి, సముద్రాలు దాటి జపాన్ చేరడానికి కావలసిందల్లా ఒకదాని తర్వాత ఒకటి అమరింది.

ఇందులో తప్పేమీ లేదు. ఆ రైలే లేకపోతే అరకు ఇవాళ్టి అరకు కాదు. సంతకు పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు తెచ్చేవాళ్లకీ, విశాఖలో చదువుకునే పిల్లలకీ ఆ పాసింజరే ఆధారం. కానీ ఆ రైలు కిటికీలోంచి కనిపించే కొండల మీది గూడేల్లో కొన్నిటికి పట్టాలు పడి అరవై ఏళ్లవుతున్నా ఇంకా బండి దారి లేదు. లోకంలో దూరం తరిగిందని మనం చెప్పుకునేటప్పుడు ఎవరికి తరిగిందో కూడా చెప్పాలి. ఇక్కడ రాయికి ముందు తరిగింది. ఆ తర్వాత కాఫీ గింజకి. మనిషి వంతు ఇంకా నడుస్తోంది.

పండుకీ ఒక గడియారం ఉంది

ఈ కొండల వైపు కాఫీ 1898 ప్రాంతంలో పాములేరు లోయకు వచ్చిందని చెబుతారు. అక్కణ్నుంచి మెల్లగా ఇటు పాకింది. అటవీ శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ, నాంది ఫౌండేషన్, వేలాది చిన్న రైతులు.. దీని చరిత్ర ఒక చేతి పని కాదు. ఎకరం రెండెకరాల కమతం, పైన సిల్వర్ ఓక్ నీడ, దాని మానుకి అల్లుకున్న మిరియాల తీగ, కింద నడుము ఎత్తు కాఫీ మొక్క.

నవంబరు వచ్చాక తోటలోకి వెళ్లి చూస్తే ఒకే కొమ్మ మీద పచ్చ కాయ, పసుపుకి తిరిగిన కాయ, ఎర్రటి పండు పక్కపక్కనే ఉంటాయి. కోసే మనిషి ఎర్రదాన్నే వేళ్లతో తిప్పి తీస్తుంది, పచ్చదాన్ని ముట్టదు. కొమ్మంతా ఒకేసారి దూస్తే పని తొందరగా అవుతుంది గానీ రుచి పోతుంది, ధరా పోతుంది. అందుకే వారం పది రోజుల తర్వాత మళ్లీ అదే కొమ్మ దగ్గరికి రావాలి. నడుముకి కట్టుకున్న సంచీ నిండాక గోనెలోకి ఒంపి మళ్లీ వాలులోకి దిగుతుంది. తడిసిన ఆకుల మీద కాలు నిలవదు, ఒక చేత్తో మొక్క మొదలు పట్టుకునే రెండో చేత్తో కోయాలి.

కోసిన క్షణం నుంచీ పండుకి గంటలు మొదలవుతాయి. మంచి కాఫీ కావాలంటే ఆ రోజే పల్పర్‌లో వేసి పై తొక్క తీసేయాలి. గోనెలో కుక్కి మర్నాటికి ఉంచితే వేడెక్కి పులిసిపోతుంది. ఒకసారి పులిసిన వాసన గింజలోకి దిగాక ఏ నిపుణుడూ దాన్ని తీయలేడు. తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, బల్లల మీద ఎండబెట్టి, తేమ పదకొండు పన్నెండు శాతానికి దిగాక ఇక ఆ గింజకు తొందర లేదు. నెలల తరబడి సంచిలో ఉండగలదు, ఓడెక్కగలదు. ప్రపంచంలో పచ్చి కాఫీ గింజలు ఎక్కువగా సముద్రం మీదే వెళ్తాయి. వారాలు పట్టినా నష్టం లేదు.

అంటే కాఫీకి పారిస్ దాకా ఉన్న వేల కిలోమీటర్లు కష్టం కాదు. తోట నుంచి పల్పర్ దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లే కష్టం. ఈ సంగతి తెలిసినవాళ్లు కాబట్టే కాఫీ మీద పనిచేసే సంస్థలు పండు కొనే చోటునీ, బండి వచ్చే వేళనీ అంత పట్టుదలగా చూసుకుంటాయి. పండు గంటల్లో చెడిపోతుందని ఒప్పుకున్నాం. దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకున్నాం. ఈ లెక్క మనిషికి వేయడం రాక కాదు కదా!

డోలీ మోసే దారి

అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల మండలాల వార్తలు చదివేవాళ్లకి డోలీ అనే మాట కొత్త కాదు. వానాకాలంలో వారం వారం కనిపిస్తుంది. ఫొటో కూడా ఇంచుమించు ఒకటే: బురద దారి, ముందొకరు, వెనకొకరు, మధ్యలో కర్రకు వేలాడే దుప్పటి.

దగ్గర్నుంచి చూస్తే ఆ ఫొటోలో పడని విషయాలు చాలా ఉంటాయి. భుజానికి ఆనే చోట కర్ర నున్నగా ఉండాలి, కణుపు ఉంటే అడుగడుక్కీ గుచ్చుతుంది. దుప్పటి రెండు కొసలూ కర్రకు బిగించి ముడేస్తారు, ముడి జారకుండా పైన తాడు చుడతారు. లోపల కూర్చున్న గర్భిణి కాళ్లు ముడుచుకునే ఉండాలి, నొప్పి వచ్చినప్పుడు చాపుకునే వీలు లేదు. ఎక్కుడులో బరువంతా వెనకవాడి మీద, దిగుడులో ముందువాడి మీద పడుతుంది. అందుకే దిగేటప్పుడు పొట్టివాణ్ని వెనక్కి, పొడుగువాణ్ని ముందుకి మార్చుకుంటారు, డోలీ మట్టంగా ఉండటానికి. నలుగురైదుగురు పక్కన నడుస్తారు, వంతులు మార్చుకోవడానికి. ఒకరి చేతిలో గొడుగో, ప్లాస్టిక్ పట్టానో. రాత్రయితే ఫోన్ లైటు. గెడ్డ దగ్గర ఆగుతారు. నీళ్లు మోకాలి దాకా ఉంటే దాటతారు, నడుము దాకా ఉంటే తగ్గేదాకా చూస్తారు. ఎంతసేపు చూడాలో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

నాలుగు కిలోమీటర్ల ఆ దారికి ఎంతసేపు పడుతుందని అడిగితే ఒక్క జవాబు లేదు. పండు వేసవిలో, పగటిపూట, ఖాళీ చేతులతో అయితే గంట. ఆగస్టులో, రాత్రి, డోలీతో అయితే మూడు గంటలో, తెల్లారేదాకానో. అక్కడ రోడ్డు మీద ఆగి ఉన్న బండి ఎక్కాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ కుదరదంటే అరకు ఏరియా ఆసుపత్రి లేదా పాడేరు, అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్. అరకు నుంచి కేజీహెచ్ అంటే మళ్లీ ఆ ఘాట్ రోడ్డు.

ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగకపోతే, అంతవరకు ఆరోగ్యంగా ఉన్న స్త్రీ అయినా గంటల్లోనే చనిపోవచ్చు. వైద్యంలో ఇది అందరికీ తెలిసిన సంగతి. విమానంలో సింగపూర్ వెళ్లడానికి పట్టే సమయంలో గూడెం నుంచి ఒక తల్లి ఆపరేషన్ బల్ల దాకా చేరగలదా లేదా అన్నదే ఇక్కడ అసలు దూరం. పల్పర్‌కి పండు చేరే గంటలు లెక్కపెట్టిన సమాజం, కాన్పు గదికి తల్లి చేరే గంటలు గూడెం గూడేనికీ రాసిపెట్టలేదు. నాకు ఇదే మింగుడుపడదు.

ఏమీ జరగలేదని అనడం అన్యాయం. 2018లో ఏజెన్సీలో బైకు అంబులెన్సులు వచ్చాయి. పెద్ద బండి దూరలేని మట్టి బాటలోకి అవి దూరుతాయి, ఎన్నో ప్రాణాలు నిలిపాయి. బైకైనా ఎక్కని చోట మాత్రం మళ్లీ డోలీయే. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024-25లో 50 సీట్లతో మొదలైంది. నిపుణులైన వైద్యులు కొండ కింద కాక కొండ మీదే ఉండే రోజు దానివల్ల దగ్గరపడుతుంది.

వీటన్నిటిలో నాకు అన్నిటికన్నా తెలివైన పనిగా తోచేది పక్క జిల్లాలో, సాలూరులో జరిగింది. పార్వతీపురం ఐటీడీఏ 2018లో అక్కడ గిరిశిఖర గర్భిణుల వసతి గృహం తెరిచింది. కొండ మీది గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తీసుకొచ్చి, తిండి పెట్టి, పరీక్షలు చేసి, కాన్పు అయ్యేదాకా ఉంచుకుంటారు. రోడ్డు ఒక్క అడుగు కూడా పెరగలేదు, కిలోమీటర్లు అవే. మారిందల్లా ప్రయాణం వేళ. నొప్పులొచ్చిన అర్ధరాత్రి పరుగులు పెట్టాల్సిన ప్రయాణం, ఎండ కాసిన ఒక పగటిపూట నిదానంగా జరిగే ప్రయాణమైంది. కష్టం లేదని కాదు. ఇంటి దగ్గర చిన్నపిల్లలు, మేకలు, పోడు పని, ముసలి అత్తగారు. వాటిని వదిలి వారాల పాటు ఉండటం ఏ ఇల్లాలికీ తేలిక కాదు. కాబట్టి చిన్నపిల్లల్ని, తోడుగా ఒక ఆడమనిషినీ వెంట ఉండనిస్తేనే ఇలాంటి ఇళ్లు నిండుతాయి. ఇలాంటి ఇల్లు కొండ మండలాలన్నిటికీ కావాలి, రోడ్లు వచ్చేదాకా ఆగకుండా.

రోడ్ల లెక్కలో చిక్కు ఇంకోటి ఉంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊళ్లకు రోడ్డు వేస్తామంది. 2023 నవంబరులో ప్రకటించిన పీఎం జన్‌మన్‌లో, బాగా వెనకబడిన ఆదివాసీ తెగల ఊళ్లకైతే ఆ సంఖ్యను 100కి తగ్గించారు. మంచిదే. కానీ కొంద్, పోర్జ, గదబ కుటుంబాల గూడేల్లో పది పన్నెండు గడపలవి ఎన్నో. వాటి జనం యాభై, అరవై. అన్ని కొలతల్లోంచీ జారిపోతారు. తలలు లెక్కపెడితే ఆ గూడెం ఎప్పటికీ చివరే. ఆసుపత్రికి పట్టే గంటలు లెక్కపెడితే అదే మొదట ఉంటుంది.

2024 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అనంతగిరి మండలం బల్లగరువు దాకా వెళ్లారు. 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. 1,005 కోట్ల రూపాయలతో గిరిజన గూడేలకు రోడ్లు వేస్తామన్నారు. డోలీ మోతలు ఉండకూడదన్నదే దాని ఉద్దేశమని చెప్పారు. ఆ మాట నిలబడాలని కొండ మీదా కొండ కిందా అందరం కోరుకుంటున్నాం.

పేరు పెట్టిన మనిషి, నడిచిన దారి

భోగాపురంలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. జీఎంఆర్ సంస్థ కట్టింది. 3,800 మీటర్ల రన్‌వే. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి ఎయిరిండియా విమానం పరీక్షగా వచ్చి దిగింది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టడం ఎంత సబబో ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. మన్యం తిరుగుబాటుకు దారితీసిన కష్టాల్లో ఒకటి రోడ్డే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. అడిగినవాళ్లను హింసించాడు. ఆ రోడ్డు మన్యం వాళ్ల అవసరానికి వేసింది కాదు, మన్యాన్ని ఏలడానికి వేసింది. ఆ రోడ్డు మీద రాళ్లు మోసిన భుజాలే 1922 ఆగస్టులో బాణాలు పట్టాయి.

ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి. వానాకాలం, కొండ దారులు, నడక. బ్రిటిష్ ప్రభుత్వానికి తంతి ఉంది, గుర్రాలు ఉన్నాయి, వేసుకున్న రోడ్డు ఉంది. అయినా వాళ్లకంటే ముందు రాజు చేరాడు. ఎందుకంటే ఆ దారుల్ని కిలోమీటర్లలో కాక గెడ్డ వెంట గెడ్డగా, కొండ వెంట కొండగా ఎరిగినవాళ్లు ఆయన వెంట ఉన్నారు. ఆ తర్వాత మలబార్ పోలీసుల్నీ, అస్సాం రైఫిల్స్‌నీ దింపితే గానీ, దాదాపు రెండేళ్లు గాలిస్తే గానీ ఆయన దొరకలేదు. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు.

ఇప్పుడు అదే కొయ్యూరు మీదుగా జాతీయ రహదారి 516ఈ పోతోంది. రాజమహేంద్రవరంలో బయల్దేరి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు, బౌడార మీదుగా విజయనగరం చేరే రోడ్డు. విజయనగరం నుంచి భోగాపురం దగ్గరే. అంటే మన్యాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కలుపుతూ, అల్లూరి పేరున్న విమానాశ్రయం దాపుకు తీసుకెళ్లే దారి. కాఫీ రైతుకి, సందర్శకుడికి, పాడేరులో చదివే వైద్య విద్యార్థికి అందరికీ మేలు చేసే దారి. విశాఖ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా అరకు నుంచి విమానం దాకా వెళ్లొచ్చు.

ఆ రహదారికి రెండు పక్కలా లోపలికి చీలే బాటలే ఇప్పుడు చూసుకోవలసినవి. మూడు కిలోమీటర్లు, అయిదు కిలోమీటర్లు. కొన్నిటికి మట్టి పోశారు, కొన్నిటికి తారు పడింది. చాలా వాటిలో రోడ్డు గెడ్డ దగ్గర ఆగి, గెడ్డ అవతల మళ్లీ మొదలవుతుంది. కాగితం మీద ఆ ఊరికి రోడ్డు ఉన్నట్టే. జూన్ నుంచి అక్టోబరు దాకా లేనట్టే. అంచనాలు వేసే ఇంజినీర్లకు కొండ మీదివాళ్లు చెప్పేది ఇదే: తారు కంటే ముందు కల్వర్టు కట్టండి, కొలతకు జనవరిలో కాదు, జులైలో రండి.